ఒప్పుకుంటే మార్కులు రావు

సర్జాపుర రోడ్డు, బెంగళూరు
9 మార్చి 2025

అన్నకు నళిని నమస్కారం.

వదిన పంపిన ఉలవలు, చింతపండు అందాయి. గింజలు తీయకుండా పంపిందని నేనేమీ అనను. టీవీ ముందు కూర్చుని తీస్తున్నాను, నాకూ పొద్దుపోతోంది. ఈ మాటలన్నీ ఫోన్లోనే చెప్పేదాన్ని. కానీ పోయిన నెల ఫోన్ చేసి వదిన మోకాళ్లు ఎలా ఉన్నాయని అడిగితే నువ్వు టమాటా ధర చెప్పి పెట్టేశావు. నీ చెవులు ఇలా అయ్యాక మనకు ఉత్తరాలే గతి. పోస్టాఫీసు ఇంకా నడుస్తున్నది మనిద్దరి వల్లేనని మా అబ్బాయి చేతన్ నవ్వుతాడు.

అసలు సంగతికి వస్తాను. మా స్కూలు కొత్తవాళ్ల చేతికి వెళ్లింది. చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచర్లందరూ ఇంగ్లీషు మాట్లాడే పరీక్ష పాసవ్వాలని వాళ్లు పట్టుబట్టారు. అప్పర్ ఇంటర్మీడియట్ స్థాయి అంటారు. దొరల్లాగా మాట్లాడనక్కర్లేదు, ఏ విషయం ఇచ్చినా తడుముకోకుండా నాలుగు మాటలు చెప్పగలగాలి. జూన్ చివరికల్లా సర్టిఫికెట్ చూపించకపోతే క్లాసు తీసేస్తారు. ఇంటికి పంపరు, పొద్దునా సాయంత్రం పిల్లల్ని బస్సులు ఎక్కించి దించే పని ఇస్తారు.

చేతన్ పలక పట్టినప్పటి నుంచి నేను మూడో తరగతికి లెక్కలు చెబుతున్నాను అన్నా. వాళ్ల నాన్న కాలం చేసిన ఏడాది నన్ను నిలబెట్టింది ఆ క్లాసే. బస్సుల దగ్గర నిలబడడం చిన్న పనని కాదు, కానీ నాకు నా క్లాసు కావాలి. ఆ బోర్డు, ఆ సుద్దముక్కల వాసన, భాగహారం మొదటిసారి అర్థమైనప్పుడు పిల్లలు పెట్టే మొహం, అవి లేకుండా నేను ఉండలేను.

పరీక్ష విచిత్రంగా ఉంటుంది. ఇద్దరిద్దరిని కలిపి గదిలోకి పిలుస్తారు. ఎదురుగా ఇద్దరు కూర్చుంటారు, ఒకరు అడుగుతారు, ఇంకొకరు నోరు విప్పకుండా మార్కులు వేస్తారు. మొదట మన గురించి అడుగుతారు. తర్వాత రెండు ఫోటోలు ఇచ్చి రెంటికీ తేడా చెప్పమంటారు. ఆ తర్వాత ఒక విషయం ఇచ్చి, మనతో వచ్చిన మనిషీ మనమూ మాట్లాడుకోవాలి. వచ్చేది ఎవరో ముందు తెలియదు.

సాధన చేయిస్తానని వర్షిణి తనంతట తానే అంది. నీకు తెలుసుగా, కోడలు ఇంటికి వచ్చి ఏడాదిన్నర అయినా మా ఇద్దరి మధ్య మాటలు తక్కువ. "కాఫీ పెట్టనా అత్తా", "పెట్టమ్మా", అంతే. తను వైట్‌ఫీల్డ్ ఆఫీసు నుంచి వచ్చేసరికి నేను వంట ముగించి గదిలోకి వెళ్లిపోతాను. అలాంటి పిల్ల అడగ్గానే సరే అన్నాను.

నీ దీవెన కావాలి. వదిన మోకాళ్ల సంగతి తప్పకుండా రాయి.

నీ చెల్లెలు,
నళిని

శ్రీనివాసపురం
22 మార్చి 2025

చెల్లెలు నళినిని దీవించి అన్న రాయునది.

నీ ఉత్తరం చదివాను. పరీక్షలు రాసే వయసా ఇది? నీ కళ్లజోడు నంబరు ఎంతకు వచ్చిందో ఒకసారి చూసుకో. చేతన్ సంపాదిస్తున్నాడు, ఆ పిల్ల సంపాదిస్తోంది. పెద్దవాడిగా చెబుతున్నాను, ఉద్యోగం మానేసి హాయిగా ఇంట్లో ఉండు. కాదు కూడదు రాస్తానంటే రాయి. కానీ కోడలి ముందు బడిపిల్లలా కూర్చోవడం ఏమిటి? అత్త కోడలికి నేర్పాలిగాని ఇది తలకిందుల వ్యవహారం. ఎవరైనా మాస్టరును పెట్టుకో.

ఈ ఏడు మామిడి పూత బాగా నిలిచింది. పోయినేడు పొగమంచు కొట్టిన తోటలు కూడా ఈసారి కాపు మీద ఉన్నాయి. బాదామి కాయ ముందు దిగుతుంది, తర్వాత బేనిషా, తోతాపురి, చివరికి నీలం. మామిడి మండీలో తూకం దగ్గర మావాడు హేమంత్ ఉంటున్నాడు, నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. రైతులు నాతో గట్టిగా అరిచి మాట్లాడతారు, నేనూ గట్టిగా అరుస్తాను. దూరం నుంచి చూసేవాళ్లకు రోజూ కొట్లాటే.

హేమంత్ మళ్లీ చెవి మిషన్ మాట ఎత్తాడు. నేను రెండేళ్ల కిందట వద్దన్నప్పుడు నువ్వు కూడా "సరే అన్నా, నీకెందుకు ఆ గొడవ" అన్నావు కదా. మీ అత్త కూడా ఒప్పుకుందిరా అని వాడి నోరు మూయించాను.

మన చిన్నమ్మ కూతురు సొన్నమ్మ కంటి పరీక్షకు బెంగళూరు వస్తోంది. నాలుగు రోజులు నీ దగ్గరే ఉంటుంది. కళ్లలో మందు వేస్తారట, పొయ్యి దగ్గరికి రానివ్వకు. మీ వదిన మోకాళ్లు అలాగే ఉన్నాయి. నువ్వు అడిగావని చెప్పాను, ఇంకొంచెం ఎక్కువ కుంటుతోంది.

అన్న,
మునినారాయణప్ప

సర్జాపుర రోడ్డు, బెంగళూరు
13 ఏప్రిల్ 2025

అన్నకు నళిని నమస్కారం. వదిన మోకాళ్లకు కూడా.

మాస్టరును పెట్టుకోమన్నావు. సరే, చూస్తాను. ప్రస్తుతానికి వర్షిణే నడిపిస్తోంది. రోజూ తను ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, భోజనాల బల్ల దగ్గర నాకు ఎదురుగా కుర్చీ వేసుకుంటుంది. తిన్నాక నిద్ర వస్తుందని ముందే సాధన, తర్వాతే అన్నం. తన ఫోన్లో అలారం గంట పెడుతుంది. టైము కాగానే చెయ్యి ఎత్తుతుంది, వాక్యం మధ్యలో ఉన్నా నేను ఆపేయాలి. ఇంట్లో కనబడే కోడలు వేరు, ఆ కుర్చీలో కూర్చునే మనిషి వేరు. నిజమైన పరీక్ష కూడా అలాగే ఉంటుందట.

నా ఇంగ్లీషు అంత చెడ్డగా ఏమీ లేదంది. చెడ్డది ఇంకొకటి ఉంది. పిల్లలకు ఫోన్ ఇవ్వాలా వద్దా అన్నది ఒకరోజు విషయం. ఇవ్వాలి అని తను వాదించింది. "యెస్, యెస్, కరెక్ట్" అన్నాను. తను వెంటనే మాట మార్చి ఇవ్వకూడదు అంది. దానికీ "యెస్, కరెక్ట్" అన్నాను. వర్షిణి తల బల్లకు ఆనించి నవ్వింది. "అత్తా, మీరు అన్నిటికీ యెస్ అంటా ఉంటే డిస్కషన్ ఎట్ల అయితాది? ఒప్పుకుంటే మార్కులు రావు. నాకు అడ్డం చెప్పండి, నేనేం అనుకోను" అంది.

అడ్డం చెప్పడానికి నేర్పుగా వాడే మాటలు ఒక వరుస నేర్పించింది. మీరన్నదాంట్లో నిజముంది కానీ, నేను వేరేలా చూస్తాను, ఇలాంటివి. పాఠం చెప్పినట్టు అప్పజెబుతాను. కానీ ఎదుటి మనిషి మాట్లాడగానే నా తల దానంతట అదే ఊగుతుంది. మనింట్లో నాయన పోయాక నువ్వు చెప్పడం, మేమంతా సరే అనడం, అదే నా అలవాటు. నేను హిస్టరీ చదువుతానంటే నువ్వు లెక్కలు చదవమన్నావు, సరే అన్నాను. లెక్కలు నాకు బాగా వచ్చాయి, అది వేరే సంగతి.

ఇప్పుడు రోజూ రెండేసి ఫోటోలు చూపిస్తోంది. సంతా, పెద్ద మాలూ. రైలూ, విమానమూ. ఒకరోజు మీకు బాగా గుర్తుండిపోయిన రోజు గురించి చెప్పండి అంది. చేతన్ వాళ్ల నాన్న కొత్త స్కూటరు మీద నన్ను తొలిసారి లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు తీసుకెళ్లిన రోజు చెబుతూ ఏడ్చేశాను. ఇంగ్లీషులో ఏడుపు రాదనుకున్నాను, వచ్చింది. సొన్నక్క అప్పుడు సోఫాలో ఉంది, కంగారుపడి నీళ్లు తెచ్చింది. ఏం లేదక్కా అన్నాను. ఆమె కళ్లకు శుక్లాలు లేవన్నారు, చుక్కల మందు మాత్రం ఇచ్చారు. బస్సు ఎక్కించాము, క్షేమంగా చేరే ఉంటుంది.

పరీక్ష మే 31న. నాకు భయంగా ఉంది.

నీ చెల్లెలు,
నళిని

శ్రీనివాసపురం
24 ఏప్రిల్ 2025

నళినికి అన్న రాయునది.

ఇంత జరుగుతుంటే నాకు ఒక్క ముక్క రాయవా? సొన్నమ్మ వచ్చి అంతా చెప్పింది. చెవిలో అరిచి చెప్పింది, పక్కింటివాళ్లకు కూడా తెలిసిపోయింది.

రోజూ ఆ పిల్ల ఆఫీసు నుంచి రాగానే నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఇంగ్లీషులో నిలదీస్తుందట. అది అయ్యేదాకా నీకు అన్నం లేదట. ఆ పిల్ల చెయ్యి ఎత్తగానే నువ్వు నోరు మూసుకుంటావట. ఒకనాడు వెక్కి వెక్కి ఏడ్చావట, సొన్నమ్మ అడిగితే ఏం లేదని దాచావట. ఇవన్నీ పోనీ. వృద్ధాశ్రమం ఫోటో చూపించి ఇది ఎలా ఉందని అడిగిందట! ముసలివాళ్లు వరుసగా కుర్చీల్లో కూర్చున్న ఫోటో. నువ్వు దానికి కూడా బాగుంది బాగుంది అని తల ఊపావట!

నువ్వు నాకు పరీక్ష, సాధన అని రాసిన ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. నన్ను బాధపెట్టకూడదని అల్లిన కథ అని ఇప్పుడు అర్థమైంది. నా చెల్లెల్ని ఆశ్రమంలో పడేస్తారా? నేను ఇంకా బతికే ఉన్నాను.

ఆ పిల్ల తండ్రి చిక్కమునియప్పకు బాగేపల్లికి మొన్న సోమవారమే ఉత్తరం రాసి పడేశాను. నీ బిడ్డ ఇలా చేస్తోంది, ఇదేనా మీ పెంపకం అని అడిగాను. ఆదివారం మన డ్రైవరు ఎల్లయ్య వ్యాన్‌లో బాదామి పళ్లు తీసుకుని బెంగళూరు వస్తాడు. పళ్లు దింపాక నువ్వు పెట్టె సర్దుకుని అదే వ్యాన్‌లో వచ్చెయ్. మేడ మీద గదిలో ఉన్న మామిడి బుట్టలన్నీ తీయించి, నీకోసం సున్నం కొట్టించాను. ఆ పరీక్ష వద్దు, ఆ ఉద్యోగం వద్దు. ఇది నా మాట.

అన్న,
మునినారాయణప్ప

సర్జాపుర రోడ్డు, బెంగళూరు
27 ఏప్రిల్ 2025

అన్నా,

ఎల్లయ్య కింద వ్యాన్‌లో ఉన్నాడు. "పెట్టె యాడుండాది అక్కా? పెద్దాయన తోడుకోని రమ్మన్యాడు" అన్నాడు. నాకు బదులు ఈ ఉత్తరం వస్తోంది.

సొన్నక్క చూసింది అబద్ధం కాదు. ఆ ఫోటో నిజంగానే చూపించింది. రెండు ఫోటోల్లో ఒకటి ఆశ్రమం, ఇంకొకటి ఒక అవ్వ మనవళ్లతో ఇంట్లో ఉన్నది. పెద్దవాళ్లకు ఏది మంచిదో చర్చించాలి. ఇది పరీక్షల్లో తరచు వచ్చే విషయమట. నాకు అడ్డం చెప్పడం నేర్పాలని వర్షిణి కావాలనే ఆశ్రమం వైపు వాదించింది. ఇంత పెద్ద మాటకైనా అత్త కాదంటుందేమోనని చూసింది. నేను ఎప్పట్లాగే తల ఊపాను. తప్పు ఎక్కడుందో చూశావా? ఆ పిల్లలో లేదు.

నీ ఉత్తరం అందగానే చిక్కమునియప్పగారు కూతురికి ఫోన్ చేశారు. వర్షిణి వంటింట్లోకి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది. అరవలేదు. "అత్తా, మీకు నా మీద అట్ల అనిపించి ఉంటే ఒక్కసారి నన్నే అడగొచ్చు గదా. మా నాన్న ఏడ్చినాడు" అంది. నేనే నీకు అలా రాశాననుకుంది. నీ ఉత్తరాలు చూపిస్తానన్నా వినలేదు. ఆ రోజు నుంచి ఆ కుర్చీ ఖాళీగా ఉంది. తను గదిలో, నేను గదిలో, చేతన్ మధ్యలో. నెల రోజుల్లో పరీక్ష. నేను వంటింట్లో కుక్కరుతో ఇంగ్లీషు మాట్లాడుతున్నాను, అది నాకంటే గట్టిగా అరుస్తోంది.

అన్నా, ఈ మాట రాయడానికి మూడు కాగితాలు చింపాను. నువ్వు చేసిన పని తప్పు. నన్ను అడగకుండా బాగేపల్లికి ఉత్తరం రాయడం తప్పు. నేను శ్రీనివాసపురం రాను, పరీక్ష మానను, ఉద్యోగం మానను. నువ్వు నాకోసమే కోపం తెచ్చుకున్నావని తెలుసు, గదికి సున్నం కొట్టించిన మాట చదివి ఏడ్చాను కూడా. అయినా నేను ఒప్పుకోను.

ఇంకొకటి. రెండేళ్ల కిందట చెవి మిషన్ వద్దని నువ్వంటే సరే అన్నాను. అది నా అభిప్రాయం కాదు, నా అలవాటు. నీకు మిషన్ కావాలి. హేమంత్ దగ్గర ఇక నా పేరు వాడకు.

పళ్లు బాగున్నాయి. ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు.

నళిని

శ్రీనివాసపురం
14 మే 2025

నళినికి,

నీ ఉత్తరం అందింది. నేను సరిగ్గా చదివానో లేదో అని మీ వదిన చేత కూడా చదివించాను. ఆమె గట్టిగా చదివి, చివర "సరిగానే రాసింది" అని తనవంతు కలిపింది. నాకు కోపం వచ్చింది. రెండు రోజులు మండీకి పోలేదు. నాకు కాదని చెప్పినవాళ్లు ఈ ఇంట్లో లేరు, దానికి ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

మూడో రోజు బేనిషా పళ్లు ఒక బుట్ట కట్టించుకుని బాగేపల్లి బస్సెక్కాను. హేమంత్ కారులో దింపుతానన్నాడు, వద్దన్నాను. చిక్కమునియప్ప వాకిట్లోనే ఉన్నాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేనే చెప్పాను. "తెలీక రాసినా చిక్కమునియప్పా. మా చెల్లెలికి పరీక్ష ఉండాదంట, నీ బిడ్డ నేర్పిస్తా ఉండాది. నేను ఇంగోరకంగా అనుకుంటి" అన్నాను. అతను ఏదో అన్నాడు, నాకు వినపడలేదు. మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ వినపడలేదు. అతని భార్య లోపల్నుంచి వచ్చి నా చెవి దగ్గర అరిచింది, "మా బిడ్డ వారం దినాలు సరిగా కూడు తినలేదు" అని. ఆ మాట వాళ్లచేత మూడుసార్లు చెప్పించుకున్నాను. అంతకంటే పెద్ద శిక్ష లేదు.

తర్వాత సంగటి, ఉలవచారు పెట్టారు. తిన్నాను.

సొన్నమ్మను ఏమీ అనలేదు, ఆమె చూసింది చూసినట్టు చెప్పింది. ఉద్యోగం మానడమే మంచిదని నేను ఇప్పటికీ అంటాను. చెవి సంగతి ఎత్తకు.

పళ్లు మురగబెట్టకుండా తినండి.

అన్న

సర్జాపుర రోడ్డు, బెంగళూరు
1 జూన్ 2025

అన్నకు నళిని నమస్కారం.

నువ్వు బాగేపల్లి పోయిన సంగతి నీ ఉత్తరం కంటే ముందే ఇక్కడికి చేరింది. వాళ్ల నాన్న ఫోన్ చేశారట, ఆ ఎండలో బుట్ట మోసుకుని వచ్చావని. ఆ సాయంత్రం వర్షిణి ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. బల్ల మీద అవే రెండు ఫోటోలు పెట్టింది, ఆశ్రమం, ఇల్లు. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పెద్దవాళ్లకు ఆశ్రమమే మంచిది, తోడు దొరుకుతుంది, డాక్టరు ఉంటాడు అని.

నా తల ఊగబోయింది, ఆపాను. మీరన్నదాంట్లో నిజముంది కానీ నేను వేరేలా చూస్తాను అన్నాను. నాకు ఈ ఇంట్లో బాల్కనీ పక్క గది ఉంది, నేను అక్కడే ఉంటాను, సాయంత్రం మీరు వచ్చేదాకా ఎదురుచూస్తాను, అది నాకు ఇష్టం అన్నాను. అంతా ఇంగ్లీషులోనే. తెలుగులో అయితే ఆ పిల్లతో ఆ మాట ఎప్పటికీ అనేదాన్ని కాదు. గంట మోగింది. తను చెయ్యి ఎత్తలేదు. "ఇంగా చెప్పండి అత్తా" అంది, తెలుగులో. తర్వాత ఇద్దరం నీ బాదామి పళ్లు కోసుకున్నాం. కొన్ని మెత్తబడ్డాయి, అవే తియ్యగా ఉన్నాయి.

నిన్న పరీక్ష అయింది. వర్షిణి సెలవు పెట్టి వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. నాతో వచ్చే మనిషి ఎవరో దబాయించి మాట్లాడేవాడై ఉంటాడని మేము లెక్క వేసుకున్నాం. ఆగండి, నేనింకా ముగించలేదు అని చెప్పడం అద్దం ముందు కూడా సాధన చేశాను. తీరా చూస్తే సుమ అని ఒక అమ్మాయి. పావగడ నుంచి వచ్చి నగర్తపేటలో మామ ఇంట్లో ఉంటోంది, మామది ఇత్తడి సామాన్లకు మెరుగు పెట్టే చిన్న వర్క్‌షాపు. నర్సు ఉద్యోగానికి ఈ సర్టిఫికెట్ కావాలట. నన్ను చూడగానే లేచి నిలబడింది.

ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు ఏది ఎక్కువ సాయపడుతుంది అన్నది మాకిచ్చిన విషయం. ఇరుగుపొరుగు పిలిచి భోజనం పెట్టాలని నేనన్నాను. "యెస్ మేడం, కరెక్ట్" అంది సుమ. భాష నేర్పే క్లాసులు కూడా అన్నాను. "యెస్ మేడం, వెరీ కరెక్ట్" అంది. నేను నేర్చుకున్న అడ్డుమాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. అడ్డం చెప్పడానికి ఎదురుగా ఎవరైనా మాట అనాలి కదా! ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నట్టు అనిపించింది. మార్కులు వేసే ఆయన తల వంచుకుని ఏదో రాస్తున్నాడు. ఇద్దరి పనీ అయిపోయిందనుకున్నాను.

అప్పుడు నాకు నువ్వు గుర్తొచ్చావు అన్నా. నాయన పోయినప్పుడు నీకు పాతికేళ్లు కూడా లేవు. ఆ రోజు నుంచి నువ్వు ఏమన్నా అమ్మ సరే అంది, వదిన సరే అంది, నేను సరే అన్నాను. మాట వింటున్నామని అనుకున్నాం. నీతో ఎవరూ మాట్లాడనేలేదు. తల ఊపే మనుషుల మధ్య ఎంత ఒంటరిగా ఉంటుందో ఆ గదిలో నాకు తెలిసింది. నీ మీద మిగిలి ఉన్న కోపం అక్కడే పోయింది.

నేను మాట్లాడడం ఆపేశాను. నేను చెప్పింది తప్పు కావచ్చు, నువ్వేమంటావు అని ఆ పిల్లను అడిగి ఊరుకున్నాను. మూడో తరగతిలో లెక్క ఇచ్చి ఊరుకుంటాను చూడు, అలాగ. సుమ నన్ను చూసింది, గోడను చూసింది. అప్పుడు, "నో మేడం" అంది. పొరుగువాళ్లు భోజనానికి పిలుస్తారనుకోవడం లేదు, నగర్తపేటలో ఎవరికీ తీరిక లేదు, నేను వచ్చిన వారంలో బస్సు తప్పి ఏడ్చాను, నాకు కావలసింది దారి చెప్పే మనిషి అంది. తప్పులతోనే చెప్పింది. కానీ ఆగకుండా చెప్పింది. ఇద్దరం కాసేపు హాయిగా వాదించుకున్నాం. నేను ఒక్కదానికీ ఒప్పుకోలేదు!

పాసవుతానో లేదో తెలియదు. వ్యాకరణం చాలా చోట్ల జారింది. ఫలితం వచ్చాక ఈ ఉత్తరం ముగిస్తాను.

24 జూన్

ఫలితం వచ్చింది. పాసయ్యాను అన్నా! వ్యాకరణంలో మార్కులు అంతంతమాత్రం, తోటి మనిషితో మాట్లాడినదానికి మాత్రం బాగా వేశారు. స్కూల్లో సర్టిఫికెట్ చూపించాను. మూడో తరగతి నాదే. ఈ ఏడాది పిల్లల్లో ఒకడు ఇప్పటికే నాకు అడ్డం చెబుతున్నాడు, వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టుకున్నాను. సుమ కూడా పాసయిందని వర్షిణికి మెసేజ్ వచ్చింది, ఇద్దరూ బయట బెంచీ మీద నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నారట.

చెవి గురించి నేను చెప్పవలసింది ముందే చెప్పేశాను. మళ్లీ చెప్పను. నువ్వేమంటావు?

నీ చెల్లెలు,
నళిని

శ్రీనివాసపురం
10 జూలై 2025

చెల్లెలు నళినిని మనసారా దీవించి అన్న రాయునది.

నువ్వు పాసయిన సంగతి మండీలో అందరికీ చెప్పాను. అరిచి చెప్పడం నాకు అలవాటే కాబట్టి కష్టపడలేదు. సీజను అయిపోవచ్చింది, తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతున్నాయి, ఇక నీలం ఒక్కటే మిగిలింది.

నీ ఉత్తరం చివరి మాట దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మిషన్ పెట్టుకో అని హేమంత్ అంటే వద్దన్నాను. మీ వదిన అంటే వద్దన్నాను. నువ్వు ఉత్తరంలో గద్దిస్తే ఎత్తకు అన్నాను. చివరికి నువ్వేమంటావు అని అడిగావు. వద్దు అనడానికి అందులో ఏమీ లేదు. ఏమంటానో నేనే వెదుక్కోవలసి వచ్చింది. వెదికితే బాగేపల్లిలో ఆ తల్లి నా చెవి దగ్గర అరవడమే గుర్తుకొచ్చింది.

కోలారు పోయి మిషన్ పెట్టించుకున్నాను. రెండు చెవులకూ. మొదటి రోజు తల పగిలిపోయింది. ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందని నాకు తెలియదు. మీ వదిన పని చేసుకుంటూ తనలో తాను మాట్లాడుకుంటుందని తెలియదు. రెండు రోజులు జాగ్రత్తగా విన్నాను, నన్నే తిడుతోంది. తిట్టేది చాలామటుకు న్యాయంగానే ఉంది.

ఉద్యోగం విషయంలో నా మాట తప్పు. నీ క్లాసులో నువ్వు ఉండు. మేడ మీద గది అలాగే ఉంచాను, సెలవులకు వర్షిణిని, చేతన్‌ను తీసుకుని రా. ఆ పిల్ల వస్తే నేను ఎదురుగా కూర్చుంటాను, నన్ను ఏమైనా అడగమను.

ఈ ఆదివారం పొద్దున నేను మండీకి పోను. నువ్వు ఫోన్ చెయ్యి. ఆ పరీక్ష గదిలో ఏం మాట్లాడావో మొదటి నుంచి చివరిదాకా చెప్పు, ఇంగ్లీషులోనే చెప్పు. నాకు అర్థం కాకపోయినా పర్వాలేదు. నీ గొంతు సరిగ్గా విని చాలా ఏళ్లయింది. నేను మధ్యలో మాట్లాడను.

నీ అన్న,
మునినారాయణప్ప